మూడు దండాలు

గాజువాక
ఆదివారం

చలమయ్య బావకి,

ఫోన్లో నీ గొంతు వింటే నోరు పెగలదని కాయితం మీద రాత్తన్నాను. క్రేన్ పని పోయి నువ్వు మీ ఊరు పద్మనాభం ఎల్లిపోయి నెలైంది. టీ కొట్టు దగ్గర అలవాటుకొద్దీ రెండు గ్లాసులు చెప్పేసి, ఒకటి వదిలేసి వచ్చేత్తన్నాను. మాటాడ్డానికి మనిషి లేడు బావా.

నిన్ను పంపేసింది కెమెరా కాదు, నాను. క్రేన్ కేబిన్లో ఆ ఏఐ కెమెరా, కళ్లు మూసినోళ్లని పట్టి, కూత పెట్టి, ఆ వీడియో నా కంప్యూటర్‌కి పంపుతాది. 'యంత్రం ఏం చెప్పినా చివరి మాట మనిషిదే' అని మా గోడ మీద బోర్డుంది. దేశదేశాలోళ్లు కూర్చుని ఒప్పుకున్న సూత్రమంట. ఆ మనిషిని నానే. వీడియో చూసి, నిద్రో కాదో చెప్పాల. రోజుకి మూడొందల వీడియోలు వత్తే ఎవడు చూత్తాడు? 'పరిశీలించాను' అని నొక్కేసేవోణ్ణి. నీవి మూడొచ్చాయి. మూడైతే పని పోతాదని తెలిసీ, పేరైనా చూడకుండా నొక్కేశాను.

క్రేనెక్కగానే నువ్వు సింహాచలం కొండకేసి కళ్లు మూసుకుని అప్పన్నకి దండం పెడతావు. ఆ సంగతి నాకు తెలిసినంత యార్డులో ఎవడికి తెలుసు? ఛీ, నాదీ ఓ బతుకేనా!

నిన్న మేనేజరుకి రాసిచ్చేశాను, 'తప్పు నాది, మూడూ దండాలే, నిద్ర కాదు' అని. నా ఉద్యోగం పోతే పోనీ. నువ్వొచ్చేయ్ బావా.

నీ
కొండలరావు

పద్మనాభం
శుక్రవారం

కొండలరావు బావకి,

ఊడుపుల్లో పడి జవాబు ఆలీసమైంది. పనిలోంచి తీసేత్తా నాకిచ్చిన కాయితం మీద 'పరిశీలించినవారు' అని నీ పేరు ఆ రోజే చూశాను. అభ్యంతరం పెడితే నిన్ను పీకేత్తారని నోరు మూసుకున్నాను. కోపం లేదనను. పన్నెండేళ్ల దోస్తీ, ఒక్కసారి చూడలేకపోయాడా అని ఏడుపొచ్చింది.

రెండు దండాలే బావా. మూడోది కునుకే. రెండు రాత్రులు ఆసుపత్రిలో అమ్మ పక్కన కూర్చుని డ్యూటీకొచ్చాను. కింద సన్యాసమ్మ వంగి తుక్కు ఏరుతంది. కెమెరా కూత పెట్టబట్టి మెలకువొచ్చింది. హుక్కు ఆవిడ తలకి జానెడు దూరంలో ఆగింది. ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

మూడూ దండాలే అని రాసిచ్చావంటే, ఈసారీ నువ్వు వీడియో చూడలేదన్నమాటే కదా. ఆ కాయితం వెనక్కి తీసుకో. మూడూ కూర్చుని చూడు. చూసింది చూసినట్టు రాయి. ఆ తర్వాత రమ్మంటే వత్తాను. వచ్చి, ముందు సన్యాసమ్మకి దండం పెట్టుకోవాల.

చలమయ్య