చిక్కుడు పందిరి మీది డిస్కు

రోలా, షార్జా.

చెల్లె సుగుణకు మీ అన్న గంగారాం దీవెనలు.

నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పెద్దమ్మ అన్నం తింటున్నదా? ఇక్కడ ఎండ కొంచెం దిగింది కాని ఉక్కపోత పోలేదు. సాయంత్రం బయటికి వెళ్తే అంగీ వీపుకు అంటుకుంటున్నది. గదిలో ఆరుగురం. నా వంట వంతు వచ్చిన రోజు అందరికీ పప్పుచారే. నా గురించి రంది పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్ అయితే మీ ఆయన నీ చేతిలోంచి లాక్కుంటాడు. సెలవు మీద వస్తున్న మన రాజం చేతికి ఇస్తున్నాను. నీకే ఇవ్వమని చెప్పాను.

మొన్న నువ్వు చిక్కుడు పందిరి ఫోటో పంపావు. కాత బాగుంది. పిట్టలు రాకుండా పందిరికి దారంతో వేలాడదీసిన డిస్కు కూడా కనబడింది. పెద్దది చేసి చూశాను. దాని మీద నల్ల మార్కరుతో 'అమ్మ' అని రాసింది నేనే.

అమ్మ విజిట్ వీసా మీద వచ్చినప్పుడు ఖోర్ ఫక్కాన్‌లో సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి మా స్టూడియో కెమెరాతో తీశాను. "గిన్ని నీళ్లుండి ఒక్క మడి పారది. ఎందుకురా ఇది?" అని ముందు సముద్రాన్నే తిట్టింది. తర్వాత ఒక్కొక్కరి పేరు పెట్టి మాట్లాడింది. నీకేం చెప్పిందో నేను రాయను. అది అమ్మ గొంతులో వినాల్సింది.

అదంతా ఈ డిస్కులోకి ఎక్కించి మీకు పంపాను. అందిన రోజే మీ ఆయన నర్సయ్య సారు ఫోన్ చేశాడు.

"బావా, ఖాళీ డిస్కు పంపినవేంది? దుబాయ్‌ల గాలి గూడ ప్యాక్ జేసి అమ్ముతున్నరా?"

"అది బ్లూరే. మీ డీవీడీ ప్లేయర్ల నడువది."

"మరి ప్లేయర్ గూడ పంపకపోతివి!"

పక్కన నువ్వు నవ్వడం వినిపించింది. డీవీడీని ఎర్ర కాంతి చదువుతుందని, ఇది నీలి కాంతి రాత, చాలా సన్నదని, అందులో నాలుగు పాయింట్ ఏడు జీబీలు పడితే ఇందులో ఇరవై అయిదు పడతాయని చెప్పబోయాను. ఊరి పిల్లలందరికీ పాఠం చెప్పిన మనిషి నా పాఠం వినలేదు. రోషం వచ్చి, ప్లేయర్ పంపను, నేనే తెచ్చి చూపిస్తానన్నాను. అంతలో కరోనా వచ్చింది. విమానాలు ఆగాయి. అమ్మ పోయింది.

కెమెరా కార్డును తర్వాతి పెళ్లి వీడియో కోసం అప్పుడే తుడిచేశాం. ఉన్నది ఆ ఒక్క డిస్కే.

ఒకప్పుడు రెండు రకాల డిస్కులు పోటీ పడ్డాయి. ఒక్క పొరలో అవతలిది పదిహేను జీబీలు పట్టేది, మన బ్లూరే ఇరవై అయిదు. మనదే గెలిచింది. పేపర్లలో చదివి నేనే గెలిచినట్టు మురిశాను. ఇప్పుడు గెలిచినదాన్నీ అడిగేవాడు లేడు. మా స్టూడియో ఈ నెలాఖరుకు మూత. మిగిలిన ఒక్క బ్లూరే డ్రైవ్ నాకిమ్మని మేనేజర్‌ను, ఇక్కడి మాటలో ముదీర్‌ను అడిగితే, "లేజావ్ చాచా. అబ్ డిస్క్ కౌన్ దేఖ్‌తా? ఖలాస్!" అన్నాడు. తీసుకుపో, ఇప్పుడు డిస్కు చూసేదెవరు, అయిపోయింది అని. అది నా పెట్టెలో భద్రంగా ఉంది.

కాబట్టి ముందు ఆ డిస్కు విప్పు. కొంగుతో గుండ్రంగా తుడవకు. లేజర్ రాత మెరిసే వైపు పైపొర కిందే ఉంటుంది. మెత్తటి బట్టతో నడుమ నుంచి అంచుకు తుడిచి రాజంకు ఇవ్వు, తిరిగి వచ్చేటప్పుడు తెస్తాడు. మామిడి తొక్కు సీసా పక్కన పెట్టకు. తొక్కు కూడా పంపు, వేరే సంచిలో. డిస్కు తెరుచుకుంటే నీ ఫోన్‌కు పంపుతాను. ఎండకు చచ్చి ఉంటే నా చేతిలో ఏమీ లేదు.

ఒకటి మాత్రం రాయకుండా ఉండలేను. ఆ రోజు అమ్మ అందరికంటే ఎక్కువ మాట్లాడింది మీ ఆయన గురించే. "కడుపు నొప్పి లేస్తే, గంత వానల నన్ను ఈపు మీద ఏసుకొని దవాఖానకు తీస్కపోయిండు. కొడుకంటే నర్సయ్యనేరా" అన్నది. కెమెరా వెనక నిలబడి ఉన్నది నేను.

బొమ్మ తేట చెడకుండా డీవీడీలో పట్టించాలంటే ఏదో ఒకటి కోయాలి. ఏది కోసేవాడినో నాకు తెలుసు. అందుకే ఏదీ కోయనక్కర లేని డిస్కు తీసుకున్నాను. ఆ మాట కోసి ఉంటే మీ ఇంటి ప్లేయర్లో అమ్మ మాట్లాడేది.

ఈ సంగతి మీ ఆయనకు ఇప్పుడే చెప్పకు. అమ్మ నోటనే విననీ.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు, నన్ను మరిచిపోవద్దని చెప్పు. పందిరికి కట్టుకోవడానికి రాజంతో పది డిస్కులు పంపుతున్నాను. అవి నిజంగానే ఖాళీవి.

మీ అన్న,
గంగారాం