నాలుక కింది పొర

నాంపల్లి, 1953

వసుమతక్కా,

నువ్వు వెంటనే రావాలి. బాబు పుట్టినప్పటి నుంచి రొమ్ము పట్టలేక చిక్కిపోయాడు. ఆబిడ్స్‌లో లేడీ డాక్టరు చూసి, నాలుక కింద పొర అంటుకుందని, కత్తిరిస్తే తాగుతాడని చెప్పింది. "నాలిక కోస్తే పోరడు మూగోడైతడు" అని అత్తమ్మ, కోయించనని నాతో ఒట్టు వేయించుకుంది.

ఈ పొద్దున వాడికి ఏడ్చే ఓపిక కూడా లేకపోయింది. అత్తమ్మ బేగం బజార్ వెళ్లగానే వాడిని ఎత్తుకుని పరిగెత్తాను. "తల గట్టిగ పట్టుకో బిడ్డా, జరంతసేపే" అంది డాక్టరమ్మ. కత్తెర చూసి కళ్లు మూసుకున్నాను. నెత్తురు ఆరకముందే వాడు రొమ్ము అందుకుని గుటకలు వేశాడు.

ఇప్పుడు కడుపు నిండి నిద్రపోతున్నాడు. అత్తమ్మకు ఇంకా చెప్పలేదు, నువ్వు పక్కనుంటే చెబుతాను. ఆమె ఏమంటుందోనన్న భయం ఒకటైతే, ఆమె మాటే నిజమవుతుందేమోనన్న భయం ఇంకొకటి. వాడు ఒక్క మాట పలికేదాకా నాకీ రెండో భయం పోదు.

నీ చెల్లెలు