బావకు బేడీలు

మర్రిగూడ

విజేందర్,

నువ్వు ఎస్సైవై మా మండలానికే వచ్చిననాడు వాడంతా తిరిగి మిఠాయి పంచాను. ఆ నువ్వే మీ బావకు నా బిడ్డ కళ్లముందే బేడీలు వేసి తీసుకుపోయావు.

మేకలు కాసుకునే పెద్దులు మీదికి ఇసుక ట్రాక్టర్ ఎక్కించి చంపింది మా జీతగాడు దశరథ్ అని రాయమని మీ సీఐ నీకు చెప్పాడు. మీ బావ బెదిరిస్తే దశరథ్ కూడా ఒప్పుకున్నాడు. నువ్వొక్క సంతకం పెడితే మా ఇల్లు నిలబడేది. "అబద్ధం రాయనక్కా, నౌకరి పోతే పోనీ" అన్నావు. నీ నీతి చూపించుకోవడానికి నా ఇల్లే దొరికిందా?

దశరథ్ ఇంకా ఆ నేరం తనదే అంటున్నాడని నిన్న వాడి భార్య కోమల వచ్చి నా కాళ్లు పట్టుకుంది. "మా ఆయన గా పొద్దు నా పక్కన్నే పత్తి ఏరిండమ్మా. నీకు ఎర్కే గదా" అని ఏడ్చింది. నాకు తెలుసు. ఆరోజు ట్రాక్టర్ తాళం మీ బావ చేతికిచ్చింది నేనే.

సోమవారం దేవరకొండ కోర్టుకొచ్చి జడ్జి ముందు ఆ మాటే చెబుతాను. కోమల కోసం చెబుతాను, నీకోసం కాదు.

ఈ ఏడు రాఖీకి మా గడప తొక్కకు. నీ చేతికి కట్టడానికి నా దగ్గర దారం లేదు.

ఇట్లు,
నీతో పుట్టినందుకు ఏడుస్తున్న
నీ అక్క