వేలిముద్రతో తెరుచుకోనిది

పుస్తకాల బైండింగు షాపు నడుపుతున్న నేను, డెబ్బై ఎనిమిదో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుర్ర సరిగ్గానే ఉందని సాక్షిగా ఉన్న ఎముకల డాక్టరుకు తెలుసు. నేను సుత్తితో పగలగొట్టిన మా అల్లుడి మోకాలిచిప్పను అతికించింది ఆయనే. దెబ్బ గురి చూసి కొట్టిందేనని రాసిందీ ఆయనే.

1. షాపు, దాని పైనున్న రెండు గదులు, కాగితం కోసే మిషను, బ్యాంకులో ఉన్న సొమ్ము యావత్తూ నా ఏకైక కూతురికి, దాన విక్రయాది సమస్త హక్కులతో చెందాలి. అల్లుడికి చిల్లిగవ్వ దక్కకూడదు.

2. ఈ సొమ్ము అమ్మాయి పాత ఖాతాలో పడకూడదు. ఇంటి ఖర్చులు చూసుకోవడానికని అల్లుడు ఆ ఖాతాకు ఒక సాఫ్ట్‌వేర్ తగిలించాడు. అందులో రూపాయి పడినా, ఆమె ఎక్కడ ఏం కొన్నా వాడి ఫోను మోగుతుంది. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికం ఎందుకని నా ముందే నీతులు చెప్పాడు. చెప్పులు కొన్న రోజు ఆ చెప్పులతోనే కొట్టాడు. కళ్లజోడు మార్పించుకుంటే అది ముఖం మీదుండగానే గుద్ది పగలగొట్టాడు. నేను బైండు చేసిన చరిత్ర పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. ఇంత చవగ్గా వేగులవాణ్ణి పెట్టుకున్న రాజు వాటిలో లేడు.

3. అమ్మాయీ నేనూ జిగురు బల్ల దగ్గర కూర్చుని వేరే సాఫ్ట్‌వేర్ వెతికాం. రంగుల చక్రాలు చూపించేది బ్యాంకు వివరాలు అడిగింది. రెండోది ఇంట్లోవాళ్ల నంబర్లు అడిగింది. మూడోది మొద్దులా ఉంది. ప్రతి ఖర్చూ చేత్తో కొట్టాలి, లెక్క మాత్రం ఫోను దాటదు.

"ఇదే నాది నాన్నా," అంది.

త్వరగా తెరుచుకుంటుందని వేలిముద్ర తాళం పెట్టుకుంది. అక్కడే దెబ్బతిన్నాం. వాడు ఆమె బొటనవేలు పట్టుకుని ఫోను మీద నొక్కాడు. లోపల, వాడికి చెప్పకుండా ఆమె నా షాపుకు వచ్చిపోయిన బస్సు చార్జీలు కనిపించాయి. ఆ వేలినే వెనక్కి విరిచాడు. నేను సుత్తి తీసింది ఆ రోజే.

"ముసలోడా, నువ్వెన్నాళ్లుంటావ్? ఆ తర్వాత దాని సంగతి చూస్తా," అన్నాడు ఆస్పత్రి మంచం మీంచి. వాడికి జవాబు ఈ కాగితం.

4. నాతో నలభై ఏళ్లు పుస్తకాలు కుట్టిన మా వదిన దీన్ని అమలు చేయాలి. రూపాయి కదలకముందే అమ్మాయి పేర వేరే బ్యాంకులో ఖాతా తెరిపించాలి. ఆ మొద్దు సాఫ్ట్‌వేర్‌కు అంకెల తాళం పెట్టించాలి. వేలైతే విరవగలడు. తలలో ఉన్న అంకెను ఏం చేయగలడు? వదినా, ఆ అంకె నువ్వు కూడా అడగకు.

5. నా సుత్తి, దబ్బనం అమ్మాయికి. ఆమె బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. పట్టు దొరకాలని దబ్బనం పిడికి మెత్తటి తోలు చుట్టి ఉంచాను. సుత్తి పిడి అలాగే వదిలేశాను, దాన్ని ఎడమచేత్తోనైనా ఎత్తవచ్చు.

6. పై పనులన్నీ అయ్యాక, వదిన ఆ పాత ఖాతాలో నా పేరున ఒక్క రూపాయి వేయాలి. వాడి ఫోను మోగుతుంది. ఆస్తి వచ్చిపడిందని కుంటుకుంటూ వస్తాడు. మీరిద్దరూ షాపు తలుపు తీయకండి. మర్నాడు ఖాతా మూసేయండి. వాడికి నేనిచ్చి పోతున్నది ఆ చప్పుడొక్కటే.

చదివి చూసుకుని సంతకం చేశాను. మార్చి పదకొండు, మంగళవారం.

(సంతకం) బైండరు

సాక్షులు:
ఎముకల డాక్టరు
షాపు తలుపుకు కొత్త గడియ బిగించిన తాళాలాయన