పెద్దమ్మ అడిగి తీసుకున్న బోర్డు

సంతోషీ,

ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించకు.

పెద్దమ్మ, అదే మీ అమ్మ, కాశీ నుంచి వచ్చే రోజని నేను మరిచేపోయాను. ఎయిర్‌పోర్టులో మా హోటల్ గెస్టు పేరున్న బోర్డు పట్టుకుని నిలబడితే, ఆమే ఎదురొచ్చింది. చదువు రాదు కదా, "నా పేరు రాసుకొని ఎదురుచూస్తున్నవా బిడ్డా," అని కళ్లు తుడుచుకుంది.

"అవ్ పెద్దమ్మా," అని సిగ్గులేకుండా కాళ్లు మొక్కాను. అడిగితే బోర్డు కూడా ఇచ్చేశాను.

ఇప్పుడది పాల్మాకులలో మీ ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉందట. ఆమె అడిగితే నువ్వూ దాన్ని 'తారాబాయి' అని ఆమె పేరే చదివావట.

నిజంగా ఆమె పేరే రాసి కొత్త బోర్డు పంపుతున్నాను. ఆమె పొలానికి పోయినప్పుడు మార్చెయ్. పాతదానికి బొట్టు పెట్టిందని విన్నాను. కొత్తదానికి నువ్వే పెట్టు, నాకు చెయ్యి రాలేదు.

మీ అన్న