ప్రార్థనా మందిరం తాళంచెవి

దేవదానం అన్నకు, ప్రభువు పేరిట వందనాలు.

గనిలో భర్త చనిపోయాక కంపెనీ ఇచ్చిన క్వార్టర్ పోయిన సారవ్వ, చంటిబిడ్డతో నీళ్ల ట్యాంకు కింద పడుకుంటోంది. నిన్న మన బడిపిల్లలు ఆమె మీదే పాట కట్టి, డప్పు కొడుతూ వాడంతా తిరిగారు. మీరేమో క్రిస్మస్ పాటనుకుని, మురుకులు పెట్టి, "మంచిగ పాడిండ్రు బిడ్డా" అని తలుపేసుకున్నారు.

"మురుకులొద్దు తాతా, సారవ్వకు ఇంత జాగ కావాలె" అని మూసిన తలుపుకే చెప్పి వచ్చారు పిల్లలు.

కాన్పు వేళ మరియమ్మకు సత్రంలో చోటు దొరకలేదని ఏటా ఏడుస్తూ ప్రసంగిస్తాం. మన ప్రార్థనా మందిరం మాత్రం ఆదివారం దాకా ఖాళీ. తాళంచెవి మీ మొలతాడుకే ఉంటుంది. దాన్ని ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతికివ్వండి.

ఆమే సారవ్వ. ఈసారి తలుపు వేయకండి.

మీ తమ్ముడు