రాయి మీద పెద్ద మాట

ధర్మవరం,
2 జులై 1972

ప్రియమైన చౌడేశ్వరికి,

నా కొడుకు నజీరుద్దీన్ యుద్ధంలో పోయాక నువ్వు ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబివ్వలేదు. కలం పడితే వాడు లేడని నా చేత్తోనే రాయాలి కదా అని భయపడ్డాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు. ఒక ఇంగ్లీషు మాట తేల్చాలి.

ఆగస్టు పదిహేనుకు వాడు చదివిన బడిలో వాడి పేరున రాయి నిలబెడతారట. ఇంగ్లీషులోనే ఉండాలని పెద్దలు పట్టుబట్టారు. యుద్ధంలో పోయాడని రాయడానికి ఒకరు ‘వార్’ అంటారు, ఒకరు ‘బ్యాటిల్’ అంటారు, ‘ఫైట్’ చాలదా అని ఇంకొకరు. రాయి చెక్కే పోతులయ్య, "ముందు మీరు కొట్లాడుకోని ముగించండప్పా, ఆనేక నేను ఉలి పడతా" అన్నాడు.

మా ఆయన పరుపులు కుట్టడం మానేసి ఆ రాయి దగ్గరే కూర్చుంటున్నాడు. వచ్చేపోయేవాళ్లకు "మావోడి రాయి" అని చూపిస్తాడు. ఇన్నాళ్లకు ఆయన తలెత్తాడు. మాట తప్పయితే ఆ తల మళ్లీ వంగిపోతుంది. నువ్వు ఇంగ్లీషు టీచరువి. ఏది సరైనదో చెప్పు.

నీ ఖైరున్‌బీ

హిందూపురం,
8 జులై

నా ఖైరూ,

పెనుకొండ హైస్కూల్లో నా పక్కన కూర్చుని రాసిన అక్షరాలే ఇవి. చూసి ఏడ్చాను.

దేశాలు దేశాలతో చేసేది వార్. అందులో ఒకచోట రెండు సైన్యాలు తలపడితే అది బ్యాటిల్. ఫైట్ అని సంతలో ఇద్దరు కలబడినా అంటారు, అది వద్దు. మనవాడు శత్రువుకు ఎదురు నిలిచి పోయాడు. నాకు బ్యాటిల్ నచ్చింది. కాకపోతే దాని పక్కన ఆ చోటు పేరు ఉండాలి. వాడు పోయాడని మీకొచ్చిన తంతిలో, ఆ టెలిగ్రాంలో, ఊరి పేరు లేదని విన్నాను. వాడి పటాలంలోనే ఉన్న రొళ్ల ఊరి ఈరన్న సెలవులో వచ్చాడట. అతన్ని పంపిస్తాను, అడుగు.

నీ చౌడేశ్వరి

హిందూపురం,
30 జులై

ఖైరూ,

జవాబు లేదేమి? ఈరన్నను నేనే బస్సెక్కించాను. "ఆ యమ్మ మొగం చూడలేను మేడమ్" అన్నాడు. "కొడుకు స్నేహితుడివి, నువ్వు పోకపోతే ఎవురు పోతారప్పా" అని కసిరి పంపాను. వచ్చాడా? చోటు పేరు చెప్పాడా?

నీ చౌడేశ్వరి

ధర్మవరం,
6 ఆగస్టు

ప్రియమైన చౌడీ,

వచ్చాడు. చాప వేసి అన్నం పెట్టాను. ముట్టలేదు. "ఆ పోరు యాడ జరిగింది నాయనా?" అని అడిగాను.

"పోరు యాడిదమ్మా! ఆ పొద్దు మా మీదికి ఎవురూ రాలేదు. తెల్లారతాండాది, ఒకటే మంచు. నేను కాపలా ఉండా. గట్టు కింద ఏందో ఆకారం వంగతాండాది, లేస్తాండాది. ఎవురది అని అరిసినా. మళ్లా అరిసినా. పలకలేదు. కాల్చినా. పోయి చూస్తే తుండుగుడ్డ పరిచుండాది... నజీరు, అమ్మా."

నమాజులో నిలబడితే పిడుగు పడినా పలకొద్దని వాడికి చిన్నప్పుడు చెప్పింది నేను, చౌడీ. వాడు పలకలేదు.

"విచారణలో పొరపాటని తేల్చినారు. నాకు తేలలేదమ్మా. నువ్వేమన్నా పడతా" అన్నాడు.

"కూడు చల్లారిపోతాంది, తిను" అన్నాను. ఏడుస్తూ తిన్నాడు. క్షమించానో లేదో అల్లాకు తెలుసు. నాకింకా తెలియదు.

అంతలో మా ఆయన వచ్చాడు. "ఏమప్పా ఈరన్నా, మావోడు యాడ పోరాడినాడో చెప్పు, పోతులయ్య కాసుకోనుండాడు" అన్నాడు. ఈరన్న నోరు తెరిచాడు. నేను అడ్డుపడ్డాను. "బ్యాటిల్ వద్దంట. వార్ అని చెక్కియ్యి. చౌడేశ్వరి రాసింది."

"అది పెద్ద మాటేనా?"

"అన్నిటికన్నా పెద్దది."

ఆయన మురిసిపోతూ పరుగెత్తాడు. నిన్న చెక్కడం అయిపోయింది.

బ్యాటిల్‌కు ఎదుట శత్రువు ఉండాలన్నావు. వార్ అంటే ఆ మంచు, ఆ తుండుగుడ్డ, ఈరన్న చేతిలో తుపాకి, అన్నీ అందులో పడతాయి. మాట అబద్ధం కాదు కదా? నువ్వు రాశావన్నది మాత్రం అబద్ధం. ఎవరైనా అడిగితే అవునను.

ఈ కాగితాలు చింపకు. నా బిడ్డ ఎట్లా పోయాడో ఒక్కచోటన్నా నిజంగా రాసి ఉండాలి. నీ పెట్టెలో చీరల కింద పెట్టు. ఎవరికీ చూపించకు. మా ఆయన వచ్చి అడిగినా సరే.

నీ ఖైరున్‌బీ